ఇరవై ఆరో కిలో

ధరలు పెరిగే కాలంలో సరుకు చిక్కిపోవడం అందరం చూసిందే. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ధర మారదు, లోపల గ్రాములు తగ్గుతాయి. సబ్బుదీ షాంపూదీ టీపొడి పొట్లానిదీ అదే దారి. 2022లో హైదరాబాద్‌లో ఒక సరుకు మాత్రం ఎదురు నడిచింది. ఇంటికి తెచ్చుకునే బియ్యం బస్తా ఏళ్ల తరబడి 25 కిలోలు. అది 26 కిలోలైంది.

అమీర్‌పేటలో గానీ పంజాగుట్టలో గానీ బియ్యం దుకాణం ముందు నిలబడితే సోనా మసూరి, హెచ్‌ఎంటీ, ఆర్‌ఎన్‌ఆర్ సంచుల మీద ఇప్పుడు ఆ అంకే కనిపిస్తుంది. అది లెక్కకు అనువైన అంకె కాదు. 25 కిలోల బస్తాలు నాలుగైతే క్వింటాలు. 26తో క్వింటాలు తెగదు. లెక్క చెడగొట్టే అంకె బజారులో నిలబడిందంటే దాన్ని నిలబెట్టినది ఏదో ఉండాలి. అదేమిటో కాగితాల్లో వెతికాను.

మార్పు నిజంగా జరిగిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. జ్ఞాపకాలను నమ్మలేం. దుకాణదారుల్లో ఒకరు కరోనా ముందే వచ్చిందన్నారు. ఇంకొకరు మొన్న మొన్ననే అన్నారు. సంచులు అలా తడబడవు. బల్కంపేట వైపు సందులో ఒక హాస్టల్ వంటగది వెనక ఖాళీ బియ్యం సంచుల కట్ట ఉంది. హాస్టళ్లలో వాటిని పారేయరు. ఉల్లిగడ్డలు పోస్తారు, తడి గుమ్మం ముందు పరుస్తారు. ఆ కట్టలో ఒకే మిల్లు గుర్తున్న సంచులు రెండు దొరికాయి. రంగు ఒకటే, వరికంకి బొమ్మ ఒకటే, అక్షరాలూ ఒకటే. అడుగున నికర బరువు దగ్గర ఒకదాని మీద 25, ఇంకోదాని మీద 26. మరో తేడా కూడా ఉంది. 25 కిలోల సంచి మీద ఎమ్మార్పీ కోసం గీసిన గడి ఉంది. 26 కిలోల సంచి మీద ఆ గడి లేదు. తేదీ ముద్రలు రెండింటి మీదా చెరిగిపోయాయి. కాబట్టి మార్పు జరిగిందని సంచులు చెప్పాయి, ఎప్పుడన్నది చెప్పలేదు. ఎమ్మార్పీ గడి సంగతి రాసి పెట్టుకున్నాను. ఒక్క జత సంచులతో ఏదీ రుజువు కాదు.

దుకాణంలో అడిగితే వచ్చే మొదటి జవాబు, "కిలో ఫ్రీ సార్." ఈ జవాబు నిలవదు. ఉచితంగా ఇచ్చే వ్యాపారి ఆ మాటను బరువు కంటే పెద్ద అక్షరాల్లో వేయిస్తాడు. ఈ సంచుల మీద ఆ మాటే లేదు. పైగా ఉచితం ఒక బ్రాండు ఎత్తుగడగా మొదలై పండగ కాగానే పోతుంది. ఇక్కడ పోటీ బ్రాండ్లన్నీ అదే బరువుకు వచ్చాయి, అక్కడే ఉండిపోయాయి. బిల్లు కూడా 26 కిలోలకే పడుతోంది.

రెండో జవాబు తరుగు. బియ్యంలో తేమ ఉంటుంది, నిల్వలో కొంత ఆరుతుంది, సంచి నుంచి కొంత రాలుతుంది, అందుకని మిల్లువాళ్లు ఒక కిలో ఎక్కువ పోస్తున్నారని ఒక పెద్దాయన వివరించారు. వినడానికి సబబుగానే ఉంది. తూనికలు కొలతల నిబంధనల్లో 15 కిలోలు దాటిన ప్యాకేజీకి అనుమతించే తేడా 1 శాతం. 25 కిలోలకు అది 250 గ్రాములు. తరుగుకు భయపడినవాళ్లు కిలో పోయనక్కర్లేదు. పోసినా సంచి మీద 25 అనే వేసుకుంటారు. తరుగు కోసం పోసిన కిలోను నికర బరువులో కలిపి, దానికి డబ్బు కూడా తీసుకుంటే అది తరుగు కాదు.

మూడోది పాత తూకాల కథ. సేరు లెక్కలో ఏదైనా సరిపోతుందేమో చూశాను. 28 సేర్లు వేస్తే 26 కిలోల పైన కొద్దిగా వస్తుంది. అంకె దగ్గరగా రావడంతో కాసేపు ఆశ కలిగింది. కానీ బియ్యాన్ని 28 సేర్ల చొప్పున అమ్మిన ఆనవాలు ఎక్కడా లేదు. మెట్రిక్ తూకాలు 1958లో మొదలై 1960ల ఆరంభానికి దేశమంతా తప్పనిసరయ్యాయి. మధ్యలో అరవై ఏళ్లు కిలోల లెక్కే నడిచాక, సేరు 2022లో ఎందుకు లేచి వస్తుంది? ఇదీ వదిలేశాను.

నాలుగో అనుమానం అసలు సంగతికి కొంత దగ్గరది. అది ద్రవ్యోల్బణం. ఆ ఏడాది వేసవి గుర్తున్నవాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది, ఎనిమిదేళ్లలో అదే ఎక్కువ. మే నెలలో తెలంగాణ రేటు 9 శాతం దాటింది. జులై 6న వంటగ్యాస్ సిలిండర్ మీద 50 రూపాయలు పెరిగి హైదరాబాద్‌లో 1,105 రూపాయలైంది. రిజర్వు బ్యాంకు లక్ష్యం పై హద్దు 6 శాతం. వరసగా మూడు త్రైమాసికాలు ఆ హద్దు దాటినందుకు అది నవంబరులో కేంద్రానికి వివరణ లేఖ రాయాల్సి వచ్చింది. ఆ లేఖ బయటపెట్టలేదు. ఇంత వేడిలో బస్తా మారితే కారణం ధరలేనని అనిపించడం సహజం.

అంకెలు ఆ అభిప్రాయాన్ని బలపరచవు. 2022 జూన్‌లో మొత్తం రేటు 7.01 శాతం, ధాన్యాల రేటు 5.66 శాతం. కూరగాయలు 17 శాతం దాటాయి. నూనెల మంట అంతకు ముందు నుంచే ఉంది. యుక్రెయిన్ యుద్ధం ఒకవైపు, ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా ఇండోనేసియా పామాయిల్ ఎగుమతుల్ని ఆపడం మరోవైపు. ఆ గుంపులో బియ్యం ముందు వరసలో లేదు. ఇంకో మాట. ధర పెరిగితే ప్యాకెట్ చిన్నదవ్వాలి. ఇది పెద్దదైంది. కాబట్టి ద్రవ్యోల్బణం ఈ కథకు నేపథ్యమే. కిలోను సంచిలో పోసింది అది కాదు.

ఇక మిగిలింది పన్ను. పాత బిల్లులు తిరగేస్తే 2017 దాకా వెళ్లాలి. ఆ ఏడాది జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బియ్యం మీద పన్ను పడింది గానీ అన్ని బియ్యం మీదా కాదు. నమోదైన బ్రాండు పేరుతో ప్యాక్ చేసిన దానికే 5 శాతం. బ్రాండు లేకపోతే సున్నా. బరువు ఎంతన్నది ప్రశ్నే కాదు. బ్రాండు నమోదును రద్దు చేయించుకుని పన్ను నుంచి బయటపడే దారి అప్పుడే తెరుచుకుంది. దాన్ని మూసే నిర్ణయం జరిగింది మన ఊళ్లోనే. 2017 సెప్టెంబరు 9న జీఎస్టీ కౌన్సిల్ 21వ సమావేశం హైదరాబాద్‌లో జరిగింది. 2017 మే 15 నాటికి నమోదై ఉన్న బ్రాండు తర్వాత రద్దయినా, పన్ను లెక్కలో నమోదైనట్టే అని తేల్చారు.

ఈ దారి ఆసక్తిగా ఉంది గానీ సమాధానం ఇక్కడ లేదు. అప్పటి పన్ను పేరును బట్టి పడేది. తప్పించుకోదలచినవాళ్లు మార్చుకోవాల్సింది పేరు. బరువు మార్చి లాభం లేదు. 2017 నుంచి 2022 వేసవి దాకా బస్తా 25 కిలోల దగ్గరే ఉండటం ఈ లెక్కకు సరిపోతుంది. ఈ తప్పుదారి వల్ల ఒక మేలు జరిగింది. పన్ను దేన్ని చూసి పడుతుందో మారిన రోజు కోసం వెతకాలని తెలిసింది.

ఆ రోజు 2022 జులై 18. జూన్ చివర్లో చండీగఢ్‌లో జరిగిన కౌన్సిల్ 47వ సమావేశంలో బ్రాండు అన్న కొలబద్దను తీసేసి 'ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన' అన్న కొలబద్దను పెట్టారు. జులై 13న నోటిఫికేషన్ వెలువడింది. 18న అమల్లోకి వచ్చింది. బియ్యం, గోధుమ పిండి, పప్పులు, పెరుగు, మజ్జిగ అందులో ఉన్నాయి. అప్పటిదాకా నమోదు కాని పేరుతో వస్తున్న 25 కిలోల బస్తా మీద కూడా 5 శాతం పడింది.

నోటిఫికేషన్ మొత్తం చదివాను. అందులో 25 అన్న బరువు హద్దు ఎక్కడా కనబడదు. 26 అసలే లేదు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, పన్నుకూ బస్తా బరువుకూ సంబంధం లేదనుకుంటారు. అయితే 'ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన' అన్న మాటకు అర్థం ఆ కాగితం తాను చెప్పదు. 2009 నాటి తూనికలు కొలతల చట్టాన్ని చూసుకోమంటుంది. ఆ చట్టం కింద, దాని నిబంధనల కింద, వివరాలు ముద్రించి తీరాల్సిన ప్యాకేజీ ఏదైతే అదే పన్ను పడే ప్యాకేజీ. అంటే పన్ను శాఖ తన గీతను తాను గీసుకోలేదు. పక్క శాఖ గీసిన గీతను అరువు తెచ్చుకుంది.

పక్క శాఖ గీత 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల్లో ఉంది. చిల్లర ప్యాకేజీల అధ్యాయం దేనికి వర్తించదో మూడో నిబంధన చెబుతుంది. 25 కిలోలు లేదా 25 లీటర్లు దాటిన ప్యాకేజీకి వర్తించదు. ఆ నిబంధన రాసిన నాటికి జీఎస్టీ లేదు. జీఎస్టీ కోసం దాన్ని రాశారనడానికి వీల్లేదు. ఇంటికి కొనే ప్యాకెట్‌నూ టోకు మూటనూ వేరు చేయడానికి పెట్టిన హద్దు అది. పదకొండేళ్ల తర్వాత అది పన్ను హద్దయింది.

అప్పుడు రాసి పెట్టుకున్న ఎమ్మార్పీ గడి ఇక్కడ అర్థమైంది. చిల్లర ప్యాకేజీ మీద గరిష్ఠ చిల్లర ధర వేయాలన్న నియమం ఆ అధ్యాయంలోదే. బస్తా 25 దాటితే ఆ అధ్యాయం నుంచే బయటపడుతుంది. పన్ను లేదు, ఆ నిబంధనల కింద ఎమ్మార్పీ ముద్రించే బాధ్యతా లేదు. గడి లేని సంచి నిబంధనకు విరుద్ధం కాదు. ఇల్లాలి వైపు నుంచి చూస్తే మాత్రం బేరం ఆడటానికి సంచి మీద ఉన్న ఒకే ఒక్క అంకె పోయింది. కిలో ధర విడిగా ముద్రించాలన్న నియమం కూడా తర్వాత చిల్లర ప్యాకెట్లకు వచ్చింది. ఈ బస్తాకు అదీ వర్తించదు.

ఇంతటితో ముడి విడిందనుకోవచ్చు. కానీ ఒక కాగితం అడ్డం తిరుగుతుంది. పన్ను అమల్లోకి రావడానికి ముందురోజు, 2022 జులై 17న, కేంద్ర ఆర్థిక శాఖ ప్రశ్నోత్తరాలు విడుదల చేసింది. 25 కిలోలు దాటిన ప్యాకేజీకి పన్ను లేదని అందులో స్పష్టంగానే ఉంది. ఉదాహరణ కూడా ఇచ్చారు. 25 కిలోల పిండి సంచికి పన్ను ఉంది, 30 కిలోల సంచికి లేదు. ప్రభుత్వం చెప్పిన అంకె 30. అది క్వింటాలుకు తెగకపోయినా పదితో తెగుతుంది. మన దగ్గర అలవాటైన అంకె మాత్రం 26. నిబంధన 25 దాటమంటుంది అంతే. 25న్నర కూడా దాటినట్టే. 27, 28, 30 అన్నీ దాటినట్టే. మరి 26 ఎందుకు?

దీనికి కాగితం లేదు, కూడికలు ఉన్నాయి. కిలో 50 రూపాయలు అనుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న ధర. 25 కిలోలకు 1,250, దాని మీద 5 శాతం పన్ను 62 రూపాయల 50 పైసలు, వెరసి 1,312.50. పన్ను లేని 26 కిలోలకు 1,300. ఒక కిలో ఎక్కువ వచ్చింది, పన్నెండున్నర రూపాయలు తగ్గింది. 27 కిలోలకు 1,350. అది 1,312.50 దాటిపోయింది. కిలో ధర 50 బదులు 40 వేసినా 70 వేసినా ఫలితం మారదు. ఎందుకంటే 25ను 1.05తో గుణిస్తే వచ్చేది 26.25. పన్ను కట్టిన 25 కిలోల డబ్బుతో పన్ను లేని బియ్యం 26 కిలోల పావు దాకా కొనవచ్చు. 25కూ 26.25కూ మధ్య ఉన్న పూర్ణసంఖ్య ఒక్కటే.

ఈ ఒక్క వాక్యం కోసమే ఇంత వెతికానంటే కాదనను. అయినా లెక్క కుదిరిందంటే ఎవరి మనసులో ఏముందో తెలిసిపోయినట్టు కాదు. 26.25ను ఎవరైనా కూర్చుని లెక్కగట్టారా, లేక 25 తర్వాత వచ్చే అంకె కాబట్టి 26 వేశారా, రెండూ ఒకే సంచిని ఇస్తాయి. మొదట ఏ మిల్లు 26 పోసిందన్నదానికి రికార్డు లేదు. ఒక దుకాణదారుణ్ని గుచ్చి అడిగితే, "మాకేం ఎరుక సార్, మిల్లు నుంచే అట్ల వస్తది" అన్నారు. ఆయన మాటను అంతవరకే తీసుకోవాలి. పన్ను ఎగవేత అన్న మాట కూడా ఇక్కడ పనికిరాదు. పన్ను లేని బరువులో అమ్మడం నేరమని ఏ కాగితమూ అనలేదు. ఆర్థిక శాఖ ప్రశ్నోత్తరాలే ఆ దారి చూపించాయి.

వ్యాపారికి ఇది పూర్తిగా ఉచితమేమీ కాదు. అమ్మే సరుకు మీద పన్ను లేకపోతే, కొన్న వస్తువుల మీద కట్టిన పన్ను తిరిగి సర్దుబాటు కాదు. పాలీప్రొపిలీన్ సంచి మీద 2020 జనవరి నుంచి 18 శాతం ఉంది. ఆ మొత్తం బియ్యం ధరలోనే కలుస్తుంది. సంచి వెల బియ్యం వెలలో చాలా చిన్న భాగం కాబట్టి పై లెక్క తారుమారు కాదు, పన్నెండున్నర రూపాయల్లో కొంత అరుగుతుంది.

ఇక ఇంటి లెక్క. ఇక్కడ మాటలు జారే ప్రమాదం ఎక్కువ. జులై 18కి ముందు నమోదు కాని పేరుతో 25 కిలోల బస్తా కొన్న కుటుంబం 1,250 ఇచ్చేది. తర్వాత 26 కిలోలకు 1,300 ఇచ్చింది. బస్తా లెక్కన చూస్తే 4 శాతం పెరుగుదల. కిలో లెక్కన చూస్తే సున్నా. ద్రవ్యోల్బణం సూచీ కోసం ధరలు సేకరించేవాళ్లు బియ్యాన్ని కిలోల్లో రాసుకుంటారు. వాళ్ల పుస్తకంలో ఏమీ జరగలేదు. ఇంటి పద్దులో "బియ్యం బస్తా" అని రాసుకునేవాళ్లకు 50 రూపాయలు పెరిగాయి. ఇద్దరూ నిజమే రాశారు. నలుగురున్న ఇంట్లో 25 కిలోలు సరిగ్గా 30 రోజులు వస్తే, 26 కిలోలు 31 రోజులు వచ్చి కాస్త మిగులుతాయి. అదనంగా పెట్టిన డబ్బు అన్నంగానే తిరిగి వస్తుంది, కాకపోతే నెలాఖరున.

ఆ 50 రూపాయలు ఎంత పెద్దవో కూడా తూచాలి. 2022 ఆగస్టు నుంచి ఏడాది పాటు జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వేలో తెలంగాణ పట్టణాల తలసరి నెల ఖర్చు 8,158 రూపాయలు. నలుగురికి 32,632. అందులో 1,300 రూపాయల బస్తా 4 శాతం. దేశవ్యాప్తంగా పట్టణాల ఇంటి ఖర్చులో తిండి వాటా దాదాపు 39 శాతమైతే, ధాన్యాలది 4 శాతం లోపే అని అదే సర్వే చెప్పింది. బస్తా మీద 50 రూపాయలు నెల ఖర్చులో ఆరున్నర వందల్లో ఒక వంతు. దీనితో ఇల్లు గుల్లయిందనడం అతిశయోక్తి. ఆ జులైలో సిలిండర్ మీద పెరిగిందీ 50 రూపాయలే, దానికి బదులు అదనపు గ్యాస్ ఏమీ రాలేదు.

అయితే సగటు కుటుంబం అమీర్‌పేటలో అంత ఎక్కువగా ఉండదు. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్‌కు వచ్చి గది తీసుకుని వండుకునే కుర్రాళ్లకు 26 కిలోలు పోయడానికి డబ్బా లేదు, ఒక్కసారి 1,300 తీయడానికి వీలూ లేదు. వాళ్లు కొనేది 5 కిలోల ప్యాకెట్. అది 25 లోపు. దాని మీద పన్ను ఉంది. అదే 50 రూపాయల లెక్కన 250కి పన్నెండున్నర చేరుతుంది. అయిదు ప్యాకెట్లకు 62.50. ఒకేసారి పెద్ద మొత్తం పెట్టగలిగిన ఇంటికి పన్ను లేదు, విడతలుగా కొనే గదికి ఉంది. ఇది ఎవరో కోరుకుని చేశారని నేననడం లేదు. గీత బరువు మీద గీస్తే జరిగేది ఇదే.

ఈ గదుల వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. దుకాణదారు బస్తా విప్పి కాంటా మీద తూచి ఇచ్చే లూజు బియ్యానికి పన్ను లేదు. 2022 జులై 19న ఆర్థిక మంత్రి బియ్యంతో సహా పద్నాలుగు సరుకుల జాబితా ఇచ్చి, విడిగా అమ్మితే జీఎస్టీ లేదని చెప్పారు. కాబట్టి ఎస్సార్‌నగర్ సందులో కిరాణా కొట్టు నుంచి రెండు కిలోలు కవర్లో తెచ్చుకున్నవాళ్ల మీద పన్ను పడలేదు. సూపర్‌మార్కెట్‌లో సీలు ప్యాకెట్ తీసుకున్నవాళ్ల మీద పడింది. మెస్సులకు దింపే 50 కిలోల మూటల మీదా పడలేదు. నమోదైన బ్రాండుదైతే అంతకుముందు 5 శాతం కట్టిన ఆ పెద్ద మూటకు 2022 తర్వాత పన్ను పోయింది. ఈ సంగతి పెద్దగా చర్చకు రాలేదు.

ఇక్కడ ఇంకో చిక్కు కలుస్తుంది. బస్తా మారిన ఏడాది తర్వాత బియ్యం నిజంగానే పెరిగింది. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపారు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. ఆ వారం అమెరికాలో తెలుగువాళ్లు సోనా మసూరి కోసం దుకాణాల ముందు వరస కట్టిన దృశ్యాలు ఇక్కడి టీవీల్లో వచ్చాయి. 2024 ఫిబ్రవరి 6న కేంద్రం కిలో 29 రూపాయలకు భారత్ రైస్ అమ్మకం మొదలుపెట్టింది. నిషేధం 2024 సెప్టెంబరు 28న తొలగింది. ఈ మధ్యకాలంలో ఇళ్లలో పాత బిల్లునూ కొత్త బిల్లునూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు రెండు మార్పులు ఒకే అంకెలో కలిసి కనిపించాయి.

విడదీయడం కష్టం కాదు. కిలో 50 నుంచి 56కు పెరిగిందనుకుందాం, అంటే 12 శాతం. పాత బస్తా 25 కిలోలకు 1,250. కొత్త బస్తా 26 కిలోలకు 1,456. బస్తా బిల్లు పదహారున్నర శాతం పెరిగినట్టు చూపిస్తుంది. అందులో 12 ధరది. మిగిలిన నాలుగున్నర ఆ ఇరవై ఆరో కిలోది. ప్రభుత్వ లెక్కలు తక్కువ చూపిస్తున్నాయన్న ఫిర్యాదు చాలాసార్లు విన్నాను. బియ్యం విషయంలో ఆ తేడాలో కొంత ఇదే. మొత్తం ఇదే అనడానికి నా దగ్గర ఆధారం లేదు. పాత బియ్యం, కొత్త బియ్యం తేడా కూడా ఉంది. ఏడాది నిల్వ చేసిన బీపీటీ రకం బియ్యం ధర కొత్త దానికంటే ఎప్పుడూ ఎక్కువే. వేసవి బిల్లును సంక్రాంతి తర్వాతి బిల్లుతో పోల్చేవాళ్లు ఒక్కోసారి రెండు వేర్వేరు సరుకులను పోలుస్తుంటారు.

ఈ హద్దు మీద ప్రభుత్వం కన్ను పడలేదా అన్నది చివరి ప్రశ్న. పడింది. 2024 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక ప్రతిపాదన బయటపెట్టింది. చిల్లరగా అమ్మే ప్యాకేజీ ఎంత బరువున్నా వివరాలు ముద్రించాలి, 25 కిలోల హద్దు తీసేయాలి అన్నది దాని సారాంశం. 25 దాటిన ప్యాకేజీలు చిల్లరగా అమ్ముడవుతున్నాయని కారణం కూడా రాశారు. అది అలాగే అమలైతే, పన్ను నోటిఫికేషన్ ఆ నిబంధనల్నే పట్టుకుని ఉంది కాబట్టి, 26 కిలోల బస్తా మీద పన్ను దానంతట అదే పడాలి. అరువు గీతతో వచ్చే ఇబ్బంది ఇదే.

అలా జరగలేదు. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జరిగిన 55వ సమావేశంలో జీఎస్టీ కౌన్సిల్ తన నిర్వచనాన్ని తానే రాసుకోవాలని సిఫార్సు చేసింది. చిల్లర అమ్మకానికి ఉద్దేశించి 25 కిలోలు లేదా 25 లీటర్లు మించని ప్యాకేజీ అని అందులో నేరుగా ఉంది. 2022 నోటిఫికేషన్‌లో కనిపించని అంకె రెండున్నరేళ్ల తర్వాత పన్ను కాగితంలోకి ఎక్కింది. జులైలో ఒక శాఖ తీసేయాలన్న హద్దును డిసెంబరులో కౌన్సిల్ నిలబెట్టింది. ఎందుకన్నది సమావేశ ప్రకటనలో లేదు.

2025 సెప్టెంబరు 22న చాలా సరుకుల మీద జీఎస్టీ రేట్లు తగ్గాయి. పనీరు ప్యాకెట్‌కూ రొట్టెలకూ సున్నా అయింది. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 5 శాతం దగ్గరే ఉంది. 25 కిలోల హద్దు కూడా అక్కడే ఉంది. కాబట్టి 26.25 కూడా అక్కడే ఉంది.